ఎగరడం కాదు, దిగడమే కష్టం

బనగానపల్లె అనగానే అందరికీ మామిడి పండు గుర్తుకొస్తుంది. ఆ పేరున్న పండు ఈనాడు విమానమెక్కి దేశాలు దాటి పోతోంది. పండ్లే కాదు, మనుషులూ పోతున్నారు. కర్నూలు, కడప సీమల నుంచి ఎందరో అక్కచెల్లెళ్లు కువైట్ పోయి ఇళ్లలో పని చేస్తున్నారు. కరువు నేల. చేను పండకపోతే దూరదేశమే దిక్కు.

బిడ్డను సాగనంపే తల్లికి ఒకటే దిగులు. "అంత పెద్ద బరువు గాల్లో ఎట్లా నిలుస్తుంది తల్లీ? పడిపోదా?" అని అడుగుతుంది.

విమానం సంగతి తెలిసినవాళ్లు వేరే మాట చెబుతారు. పైన ఎగిరేటప్పుడు అంత భయం లేదు. నేల మీదికి దిగేటప్పుడే జాగ్రత్త కావాలి. జరిగిన ప్రమాదాల్లో ఎక్కువ భాగం దిగేటప్పుడు, లేచేటప్పుడు జరిగినవే.

ఇది మనకు తెలియని సంగతేం కాదు. గుట్ట మీద కట్టెలు కొట్టి, మోపు నెత్తిన పెట్టుకొని దిగినవాళ్లను అడగండి. ఎక్కేటప్పుడు ఆయాసం. దిగేటప్పుడు అపాయం. కాలు ఎక్కడ పెట్టాలో చూసుకొని పెట్టాలి. విమానమూ అంతే.

దిగేటప్పుడు ఏం జరుగుతుంది?

విమానం దిగే బాటను రన్‌వే అంటారు. గట్టిగా, చదునుగా వేసిన వెడల్పాటి రోడ్డు అది. గల్ఫ్ దేశాలకు పోయే విమానాలు నేల తాకేటప్పుడు గంటకు సుమారు 250 కిలోమీటర్ల వేగంతో వస్తాయి. మన బస్సు వేగానికి అది నాలుగింతలు. బరువు 60 టన్నుల దాకా ఉంటుంది. అంత వేగాన్నీ, అంత బరువునూ ఆ రోడ్డు అయిపోయే లోపల ఆపాలి.

అందుకు పైలట్ మూడు పనులు సరిగ్గా చేయాలి.

మొదటిది, ఎత్తు. విమానం ఒక్కసారిగా కిందికి దూకదు. వాలుగా దిగుతుంది. సుమారు 20 మీటర్లు ముందుకు పోతే 1 మీటరు కిందికి దిగాలి. ఆ లెక్క తప్పకూడదు.

రెండవది, చోటు. రన్‌వే మొదటి భాగంలో లావుపాటి తెల్లని గుర్తులు గీసి ఉంటాయి. చక్రాలు అక్కడే నేలను తాకాలి. ఆలస్యంగా తాకితే ముందున్న రోడ్డు తక్కువైపోతుంది.

మూడవది, ఆగడం. బ్రేకులు వేయాలి. ఇంజన్ల గాలిని ముందుకు మళ్లించి వేగం తగ్గించాలి. వాన కురిస్తే ఈ పని ఇంకా కష్టం. నాపరాయి బండ మీద నీళ్లు పడితే కాలు జారుతుంది గదా! తడి రన్‌వే మీద చక్రమూ అట్లాగే జారుతుంది.

ఈ మూడింటిలో ఏది కుదరకపోయినా ఒక దారి ఉంది. దిగడం మానేసి విమానాన్ని మళ్లీ పైకి లేపాలి. ఒక చుట్టు తిరిగి వచ్చి, ఇంకోసారి దిగాలి. దీన్ని పైలట్లు 'గో అరౌండ్' అంటారు. మళ్లీ లేపి చుట్టి రమ్మని దాని అర్థం. ఈ మాట గుర్తు పెట్టుకోండి. ముందు ముందు దీనితో పని ఉంది.

పొడుగు రోడ్డు, పొట్టి రోడ్డు

అన్ని రన్‌వేలు ఒక్క పొడవు ఉండవు. హైదరాబాదు దగ్గర శంషాబాదులో పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు. అంటే నాలుగు కిలోమీటర్ల పైమాట. ఎంత పెద్ద విమానమైనా అక్కడ దిగవచ్చు.

మన దగ్గరా ఒక విమానాశ్రయం ఉంది. పొదుపు సంఘాలకు పేరుపడ్డ ఓర్వకల్లులో కట్టారు. దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. కుంపిణీ దొరల మీద తిరగబడినందుకు 1847లో కోవెలకుంట్లలో ఉరి తీశారే, ఆ వీరుడి పేరే. 2021 మార్చి 28న అక్కడ విమానాల రాకపోకలు మొదలయ్యాయి. దాని రన్‌వే 2,000 మీటర్లు. 80 మంది లోపు పట్టే చిన్న విమానాలకు అది చాలు. ఊరి చెరువుకు తగ్గ తూము ఉన్నట్టు, రన్‌వేకు తగ్గ విమానం ఉండాలి.

నేపాల్ దేశంలో లుక్లా అనే ఊరుంది. అక్కడ రన్‌వే పొడవు 527 మీటర్లే! మన ఓర్వకల్లు రన్‌వేలో అది మూడో వంతు కూడా కాదు. దాని కథ ముందు చూద్దాం.

గాలి ఎటు వీస్తోంది?

కళ్లంలో ధాన్యం తూర్పార పట్టే ఆడవాళ్లు ముందు గాలి ఎటు వీస్తోందో చూస్తారు. పైలట్ కూడా అదే చూస్తాడు. విమానం గాలికి ఎదురుగా దిగాలి. ఎదురుగాలి విమానాన్ని ఆపడానికి సాయం చేస్తుంది. వెనక నుంచి గాలి వీస్తే విమానాన్ని ముందుకు తోస్తుంది. అప్పుడు ఆగడానికి ఎక్కువ రోడ్డు కావాలి.

గాలి దిక్కు తెలియడానికి రన్‌వే పక్కన గుడ్డతో కుట్టిన పొడుగాటి సంచి ఒకటి కడతారు. గాలికి అది ఉబ్బి ఒక దిక్కుకు చూపిస్తుంది. ఎంత కొత్త యంత్రాలు వచ్చినా ఆ గుడ్డ సంచి ఇప్పటికీ ఉంది.

రన్‌వే రెండు కొసల మీద పెద్ద పెద్ద అంకెలు రాస్తారు. అవి దిక్కుల లెక్క. ఉత్తరానికి 36, తూర్పుకు 9, దక్షిణానికి 18, పడమరకు 27. ఒక కొస మీద 10 అని ఉంటే, అటు నుంచి దిగే విమానం దాదాపు తూర్పు ముఖంగా పోతుంది. రెండో కొస మీద 28 ఉంటుంది. అటు నుంచి దిగేది దాదాపు పడమర ముఖంగా పోతుంది. రెండు అంకెలకూ తేడా ఎప్పుడూ 18. అంకెలు చదవడం వస్తే రన్‌వే దిక్కు ఎవరైనా చెప్పవచ్చు.

కొండల నడుమ

ప్రపంచంలో దిగడానికి చాలా కష్టమైన విమానాశ్రయాలు కొన్ని ఉన్నాయి. ఎక్కువగా అవి కొండల్లో ఉన్నాయి.

లుక్లా సంగతి చూడండి. ఎవరెస్టు శిఖరం ఎక్కేవాళ్లు ముందు ఇక్కడ దిగుతారు. సముద్ర మట్టానికి 2,800 మీటర్ల పైన ఉంది ఈ ఊరు. రన్‌వేకు ఒక కొసన కొండ గోడ. ఇంకో కొసన లోయ. రన్‌వే చదునుగా ఉండదు, ఏటవాలుగా ఉంటుంది. విమానం ఎగువకు దిగుతుంది, దిగువకు లేస్తుంది. ఎగువకు దిగితే వేగం తొందరగా తగ్గుతుంది. రోడ్డు చాలదు కాబట్టి ఈ ఉపాయం.

ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ 1964లో ఊరివాళ్లతో కలిసి దీన్ని కట్టించాడు. నేల మెత్తగా ఉందట. ఊరి జనం వరుసగా నిలబడి, చిందులు వేసి, ఆ నేలను తొక్కి గట్టి చేశారని చెబుతారు. తారు వేసింది 2001లో.

లుక్లాలో ఒక చిక్కు ఉంది. విమానం బాగా దగ్గరికి వచ్చాక మళ్లీ లేపడానికి వీలు లేదు. ఎదురుగా కొండ. అందుకే దిగాలా వద్దా అనేది పైలట్ ముందే తేల్చుకోవాలి. 2008 అక్టోబరులో మంచు కమ్మినప్పుడు దిగబోయిన ఒక విమానం కూలి 18 మంది చనిపోయారు.

భూటాన్ దేశంలో పారో ఉంది. చుట్టూ ఆకాశమంత కొండలు. విమానం లోయలో వంకర్లు తిరుగుతూ, కొండ పక్కనున్న ఇళ్ల మీదుగా వస్తుంది. చివరి దాకా రన్‌వే సరిగ్గా కనిపించదు. అక్కడ నియమాలు గట్టివి. ఆ చోటి కోసం వేరేగా శిక్షణ పొందిన పైలట్లే దిగాలి. పగటి వెలుతురులోనే దిగాలి. మబ్బు కమ్మితే విమానం రాదు. ప్రయాణికులు గొణిగినా సరే, రాదు.

మన దేశంలో లడఖ్‌లోని లేహ్ ఉంది. 3,256 మీటర్ల ఎత్తులో ఉంది. అంత ఎత్తులో గాలి పలచన. రెక్కలకు పట్టు తక్కువ దొరుకుతుంది. మధ్యాహ్నం అయితే కొండ గాలులు రేగుతాయి. అందుకే అక్కడికి విమానాలు ఎక్కువగా పొద్దున పూటే పోయి వస్తాయి.

కొండలే కాదు, ఊరు కూడా అడ్డమవుతుంది. హాంకాంగ్‌లో కై తక్ అనే విమానాశ్రయం ఉండేది. దిగే ముందు విమానం ఎత్తయిన ఇళ్ల మీదుగా గబుక్కున పక్కకు మళ్లాలి. ఎక్కడ మళ్లాలో తెలియడానికి ఒక గుట్టకు ఎరుపు, తెలుపు గళ్ల రంగు వేశారు. మిద్దెల మీద ఆరేసిన బట్టలు విమానంలో వాళ్లకు కనిపించేవి. 1998 జులైలో దాన్ని మూసేశారు. ఊరికి దూరంగా కొత్తది కట్టారు.

కొండా, మబ్బూ కలిస్తే ఎట్లా ఉంటుందో మనకూ తెలుసు. 2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఎక్కిన హెలికాప్టరు మన నల్లమల అడవిలో కూలింది. ఆ రోజు వాతావరణం బాగా లేదు. అందులో ఉన్న ఐదుగురూ చనిపోయారు. హెలికాప్టరుకు రన్‌వే అక్కరలేదు. కానీ వానా, కొండా దానినీ వదలవు.

గుట్ట నెత్తిన రన్‌వే

కొన్నిచోట్ల చదును నేల దొరకదు. అప్పుడు గుట్ట నెత్తిని చెక్కి, చదును చేసి, దాని మీదే రన్‌వే వేస్తారు. చూడడానికి బల్ల లాగా ఉంటుంది. అందుకే దీన్ని 'టేబుల్‌టాప్' అంటారు. బల్ల అంచు దాటితే పళ్లెం కింద పడుతుంది గదా! ఇక్కడా అంతే. రన్‌వే దాటితే లోయే. కర్ణాటకలో మంగళూరు, కేరళలో కోజికోడ్ అట్లాంటివి. రెండుచోట్లకీ గల్ఫ్ నుంచి పని చేసుకొని వచ్చేవాళ్లు ఎక్కువ.

2010 మే 22. తెల్లవారి ఆరు గంటలు దాటింది. దుబాయ్ నుంచి 166 మందితో ఒక విమానం మంగళూరు వచ్చింది. వాన లేదు. ఇంజన్లు బాగున్నాయి. పెద్ద పైలట్ దారిలో చాలాసేపు నిద్రపోయాడని తర్వాత విచారణలో తేలింది. లేచాక విమానం ఉండాల్సిన ఎత్తు కన్నా చాలా పైన ఉంది. దాన్ని గబగబా దించసాగాడు. పక్కనున్న చిన్న పైలట్‌కు సంగతి అర్థమైంది. మళ్లీ లేపమని ఒకసారి చెప్పాడు. రెండోసారి చెప్పాడు. మూడోసారి కూడా చెప్పాడు. విమానంలోని యంత్రం కూడా హెచ్చరించింది. పెద్ద పైలట్ వినలేదు.

రన్‌వే పొడవు 2,450 మీటర్లు. సుమారు 1,600 మీటర్లు దాటాక గానీ విమానం నేలకు సరిగ్గా ఆనలేదు. మిగిలింది 850 మీటర్లు. అది చాలలేదు. విమానం అంచు దాటి లోయలో పడి కాలిపోయింది. 158 మంది చనిపోయారు. బతికింది 8 మందే.

పదేళ్ల తర్వాత, 2020 ఆగస్టు 7. కరోనా కాలం. దుబాయ్‌లో చిక్కుకున్న వాళ్లను తీసుకొని 190 మందితో ఒక విమానం రాత్రి పూట కోజికోడ్ వచ్చింది. జోరు వాన. మొదట 28 అంకె ఉన్న కొస నుంచి దిగబోయింది. కుదరక, మళ్లీ లేచింది. అంత వరకు సరిగ్గానే జరిగింది. రెండోసారి 10 అంకె ఉన్న కొస నుంచి వచ్చింది. అంటే తూర్పు ముఖంగా. ఆ రోజు గాలి పడమటి నుంచి వీస్తోంది. కాబట్టి గాలి వెనక నుంచి తోసింది. నేల తడిగా ఉంది. 2,700 మీటర్ల రన్‌వేలో 1,350 మీటర్ల దాకా విమానం గాల్లోనే ఉంది. అంటే సగం రోడ్డు వృథా. చక్రాలు తాకే ముందు చిన్న పైలట్ 'గో అరౌండ్' అన్నాడు. ఆ మాట పని చేయలేదు. విమానం అంచు దాటి కింద పడి, ముక్కలైంది. పైలట్లు ఇద్దరితో కలిపి 21 మంది చనిపోయారు.

విమానం అంటుకోలేదు. అందుకే ఎందరో బతికారు. చుట్టుపక్కల ఊళ్ల జనం వానలో పరిగెత్తుకొచ్చారు. కరోనా భయం ఉన్నా వెనకాడలేదు. దెబ్బ తగిలిన వాళ్లను తమ బండ్లలో ఆసుపత్రులకు చేర్చారు.

కష్టం వేరు, ప్రమాదం వేరు

ఇప్పుడు ఒకసారి ఆలోచించండి. పారోలో దిగడం చాలా కష్టం. మంగళూరులో దిగడం అంత కష్టం కాదు. పారోలో కష్టమని అందరికీ తెలుసు. కాబట్టి నియమం తప్పరు. మబ్బు వస్తే ఆగుతారు. మంగళూరులో ఆ రోజు ఆకాశం బాగుంది. కానీ వద్దన్న మాట వినలేదు.

గుట్ట నెత్తిన ఉన్న రన్‌వే మీద తప్పు చేస్తే సరిదిద్దుకునే చోటు ఉండదు. అది నిజం. కానీ మొదటి తప్పు గుట్టది కాదు. ఈ రెండు ప్రమాదాల్లోనూ పక్కనున్న చిన్నవాడికి అపాయం కనిపించింది. నోరు తెరిచి చెప్పాడు కూడా. పెద్దవాడు వినిపించుకోలేదు. పెద్దవాడి మాటకు ఎదురు పోయి విమానాన్ని తన చేతిలోకి తీసుకోవడం చిన్నవాడి వల్ల కాలేదు.

ఇళ్లలోనూ ఇట్లాగే జరుగుతుంది గదా! "అప్పు వద్దు" అని ఆడది చెబుతుంది. "నీకేం తెలుసు, ఊరుకో" అంటారు. మునిగిన తర్వాత "ముందే చెప్పిందే" అంటారు.

అందుకే ఈనాడు పైలట్లకు విమానం నడపడం ఒక్కటే నేర్పరు. చిన్నవాడు భయపడకుండా చెప్పడం నేర్పుతారు. పెద్దవాడు చిన్నతనం అనుకోకుండా వినడం నేర్పుతారు. "మళ్లీ లేపు" అని ఇద్దరిలో ఎవరన్నా లేపాల్సిందే. అప్పుడు వాదం లేదు.

విమానం ఎక్కేవాళ్లకు నాలుగు మాటలు

విమానం ఎక్కే అక్కచెల్లెళ్లు ఈ సంగతులు తెలుసుకోవాలి. పోయేవాళ్లకు చదివి చెప్పండి.

ఒకటి. కూర్చోగానే ముందు సీటు సంచిలో ఒక అట్ట ఉంటుంది. బొమ్మలతో ఉంటుంది. తీసి చూడండి. బయటికి పోయే తలుపులు ఎక్కడున్నాయో అందులో ఉంటుంది. మీ వరుస అంకె చదవండి. తలుపు ఎన్ని వరుసల దూరంలో ఉందో ముందుకూ వెనక్కూ లెక్కపెట్టుకోండి. పొగ కమ్మితే కళ్లకు కనపడదు. చేత్తో తడుముతూ లెక్క పెట్టుకుంటూ పోవచ్చు.

రెండు. దిగేటప్పుడు సీటు బెల్టు నడుము కిందికి, బిగువుగా ఉండాలి. విమానం పూర్తిగా ఆగే దాకా విప్పవద్దు. నేల తాకగానే లేచి నిలబడి సంచులు దించడం చాలామంది చేసే తప్పు.

మూడు. ఏదైనా ప్రమాదం జరిగి, దిగమని సిబ్బంది చెబితే సంచి కోసం చూడవద్దు. బంగారమైనా, డబ్బయినా వదిలేయండి. ఆపదలో 90 సెకన్లలో అందరూ బయటపడేలా విమానాన్ని తయారు చేస్తారు. ఒకరు సంచి కోసం ఆగితే వెనకున్న వాళ్లందరూ ఆగిపోతారు. పాసుపోర్టు మాత్రం ముందే ఒంటి మీద దాచుకోండి.

నాలుగు. నేల దగ్గరికి వచ్చిన విమానం ఒక్కోసారి గభాలున మళ్లీ పైకి లేస్తుంది. ఇంజన్లు గట్టిగా అరుస్తాయి. కడుపులో దేవినట్టు అవుతుంది. భయపడవద్దు. అది ప్రమాదం కాదు. పైలట్ మంచి పని చేశాడని అర్థం. కుదరలేదు, మళ్లీ వద్దామనుకున్నాడు. పావుగంట ఆలస్యమవుతుంది, అంతే.

కువైట్ నుంచి బిడ్డ వచ్చే రోజు తల్లి పొద్దున నుంచీ ఎదురు చూస్తుంది. విమానం ఆలస్యమని తెలిస్తే ప్రాణం కొట్టుకుంటుంది. ఎక్కడో మబ్బు కమ్మి ఉంటుంది. గాలి మారి ఉంటుంది. ఎవరో ఒకరు "ఇప్పుడు వద్దు" అని ఉంటారు. ఇంకొకరు ఆ మాట విని ఉంటారు. ఆలస్యంగా వచ్చినా బిడ్డ ఇంటికి వస్తుంది. అది చాలు.

చదివి జవాబులు చెప్పండి

1. విమానం దిగేటప్పుడు పైలట్ సరిగ్గా చేయాల్సిన మూడు పనులు ఏవి?

2. విమానం గాలికి ఎదురుగా ఎందుకు దిగాలి?

3. రన్‌వే ఒక కొస మీద 09 అని రాసి ఉంది. రెండో కొస మీద ఏ అంకె ఉంటుంది? లెక్క కట్టండి.

4. లుక్లాలో రన్‌వే ఏటవాలుగా ఎందుకు ఉంది?

5. పారోలో దిగడం కష్టం. అయినా మంగళూరు ప్రమాదం ఎందుకు జరిగింది? పక్కనున్న వాళ్లతో మాట్లాడండి.

6. మీ ఇంట్లో ఎవరైనా "వద్దు, ఆగు" అన్నప్పుడు విననందువల్ల నష్టం జరిగిందా? నాలుగు వాక్యాలు రాయండి.